వైరు వద్దు, వైభవం ముద్దు

కంప్యూటర్లోని పాట హాల్లోని స్టీరియోకి చేరడానికి దారులు రెండు. ఒకటి, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఆంప్లిఫయర్ వెనకున్న ఎరుపు, తెలుపు సాకెట్లకు పాకే మామూలు వైరు. ధర తక్కువ, అందుకే మర్యాదా తక్కువ.

రెండోది గాలిదారి. 2004లో ఆపిల్ వారు ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ అనే తెల్ల డబ్బాను గోడ ప్లగ్గుకు తగిలించి, ఐట్యూన్స్ పాటను వైఫై మీద పంపించారు. (ఆ డబ్బా నుంచి స్టీరియోకి మళ్లీ వైరే లాగాలనుకోండి, అది వేరే సంగతి.)

ఇప్పుడు బ్లూటూత్ వైభవం. మన సంగీతప్రియుడు 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ పాటలకు నెలనెలా చందా కడతాడు. సెకనుకు 9,216 కిలోబిట్ల సరుకు. బ్లూటూత్‌లో మామూలుగా ఉండే ఎస్‌బీసీ కోడెక్ దాన్ని సుమారు 328కి నలగ్గొట్టి స్పీకర్లకు అందిస్తుంది. పాత సీడీకే 1,411 ఉండేది! వెయ్యిమందికి వండించి, విస్తట్లో చెంచాడు వడ్డించినట్టు. అయినా ఆయన కళ్లు మూసుకుని తల ఊపుతూనే ఉంటాడు. మైక్రోవేవ్ ఓవెన్‌దీ అదే 2.4 గిగాహెర్ట్జ్ దారి కాబట్టి, వంటింట్లో పప్పు వేడెక్కితే హాల్లో ఆలాపన తెగుతుంది. దాన్ని గమకం అనుకుంటాడు.

ఇంతకీ వింటున్నది 1957 నాటి 'మాయాబజార్' పాట. అసలు రికార్డింగే మోనో. ఎడమ స్పీకరూ కుడి స్పీకరూ ఒకే ముక్క పాడతాయి. రెండింటికీ తేడా ఇంకాస్త స్పష్టంగా తెలియాలని నిన్ననే కొత్త ఆంప్లిఫయర్‌కి ఆర్డరిచ్చాడు.