ముఖం వస్తే చాలు!

శ్రావణ శుక్రవారం మంచిరోజని చూసుకున్నారో, ఒకటో తేదీ అయితే లెక్కకు వీలుగా ఉంటుందని చూసుకున్నారో గానీ, 2025 ఆగస్టు 1 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో పంతుళ్ల ముఖాలకు హాజరు మొదలైంది. బడికి రాగానే ఒకసారి, ఇంటికి పోయేముందు ఒకసారి యాప్‌కి ముఖం చూపించాలి. పిల్లలకు ఈ దర్శనభాగ్యం ముందే దక్కింది, ఇప్పుడు గురువుల వంతు. టీచరంటే గొంతు అనీ, చాక్‌పీసు పట్టిన చెయ్యి అనీ, పిల్లాడి నోట్సు మీదికి వంగిన నడుము అనీ ఇంతకాలం అనుకుంటూ వచ్చిన పిచ్చి జనానికి విద్యాశాఖ ఒక్క ఉత్తర్వుతో కళ్లు తెరిపించింది. జీతం ముఖానికి. తక్కినదంతా లగేజీ.

ఈ సూక్ష్మాన్ని అందరికంటే ముందు పట్టుకున్నది నిజాంపేటలో కాపురముంటున్న ఒక లెక్కల సారు. బండారి లేఅవుట్‌లో ఫ్లాటు, దాని మీద బ్యాంకు అప్పు, జిల్లా అవతలి కొసన సర్కారు హైస్కూల్లో ఉద్యోగం. పేరు రాయడం లేదు. రాస్తే ముఖం గుర్తుపట్టేస్తారు.

సోమవారం తెల్లారేసరికి వాన. బండారి లేఅవుట్‌లో వానంటే తెలిసిందే, చెరువు తన పాత చిరునామా వెతుక్కుంటూ సెల్లార్లలోకి వచ్చేస్తుంది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని సారు మెట్లు దిగబోతుంటే ముఖం అడ్డం తిరిగింది.

“ఈ నీళ్లల్ల మీరెందుకు సార్? నేను పోయొస్తా. మీతోని అక్కడ పనేముంది?”

సారు ఉత్తర్వు మరోసారి చదివారు. కాళ్ల ఊసు లేదు. చేతుల ఊసు లేదు. బుర్ర ఊసు అసలే లేదు. సరే పొమ్మని, ముఖాన్ని శుభ్రంగా తుడిచి, కాస్త పౌడరద్ది పంపించేశారు. ఇంక తీరిగ్గా కాఫీ తాగుదామని కూర్చున్నాక గుర్తొచ్చింది, నోరు కూడా దాంతోపాటే పోయిందని.

నిజాంపేట క్రాస్‌రోడ్స్‌లో బస్సెక్కిన ముఖాన్ని చూసి కండక్టరమ్మ తికమకపడింది. ఆడ ముఖమైతే గొడవే లేదు. మహాలక్ష్మి పథకం కింద ఆధార్ కార్డు మీది ముఖంతో పోల్చి చూసి జీరో టికెట్ చేతిలో పెట్టేది. మగ ముఖానికి ఏం కొట్టాలి? ఫుల్లా? హాఫా? “ముఖం చూస్తేనే తెలుస్తుంది పంతులువని. కూసో,” అని చివరికి తనే జాలిపడింది.

బడిలో పచ్చ టిక్కు పడింది. స్టాఫ్‌రూమ్‌లోకి వెళ్లి చూస్తే బల్ల మీద అప్పటికే వరసగా ముఖాలున్నాయి. సోషల్ మేడమ్ ముఖం, హిందీ పండిట్ ముఖం, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ హెడ్మాస్టర్ ముఖం, అదే ఆవరణలోని ప్రైమరీ బడి టీచరమ్మ ముఖం. మాటల్లో తెలిసిందేమిటంటే, వాళ్లెవరూ తక్కిన భాగాలను ఇంట్లో వదిలిపెట్టి రాలేదు. అవి ఎప్పుడో సర్కారు పనుల మీద పోయాయి, తిరిగి రాలేదు.

టీచరమ్మ కాళ్లు 2024 నవంబర్‌లో పోయాయి. సమగ్ర కుటుంబ సర్వేకని ప్రైమరీ టీచర్లను ఇంటింటికీ తిప్పారు. చేతిలో 75 ప్రశ్నల ఫారం. మూడు వారాలు ప్రైమరీ బడులు ఒంటిపూటే నడిచాయి. అందరి వేళ్లూ బడి వివరాలెక్కించే యూడైస్ పోర్టల్‌లో చిక్కుకున్నాయి; పిల్లల ఆధార్ నంబర్లు, యూనిఫామ్‌ల లెక్కలు, పుస్తకాల లెక్కలు ఎక్కిస్తూ అక్కడే ఉండిపోయాయి. నాలుక మాత్రం ముఖంతో పాటే ఉంది. ఎందుకంటే పిల్లలకు వడ్డించేముందు మధ్యాహ్న భోజనం రుచి చూడాల్సింది టీచరే.

పక్క రాష్ట్రం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒక ముఖం కూడా ఉందక్కడ. దాని కథ ఇంకా రంజుగా ఉంది. 2020 మేలో లాక్‌డౌన్ సడలించి మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో క్యూలు సర్దడానికి టీచర్లకు డ్యూటీ వేశారు. అప్పుడు పోయాయట కళ్లు. తర్వాత బడి మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే పని పడింది, ముక్కు అక్కడ రాలిపోయింది. 2022 ఆగస్టులో ముఖం హాజరు వచ్చేసరికి చూపించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. సొంత ఫోన్లలో సర్కారు యాప్ ఎందుకు వేసుకోవాలని అక్కడి సంఘాలు రోడ్డెక్కితే, “ముఖం చాటేస్తున్నారు,” అన్నారు పెద్దలు.

విద్యాహక్కు చట్టంలో 27వ సెక్షన్ అని ఒకటుంది. పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికలు, ఈ మూడు తప్ప టీచర్‌ని చదువుతో సంబంధం లేని ఏ పనికీ వాడుకోకూడదు. దీని మీద విద్యాశాఖ వకీలు చెప్పగల జవాబు హెడ్మాస్టర్ ముఖానికి తట్టింది: టీచర్‌ని ఎవరు వాడుకున్నారు? కాళ్లను కదా!

తొమ్మిదో తరగతిలో ముఖాన్ని తెచ్చి టేబుల్ మీద పెట్టారు. పిల్లలు పుస్తకాలు తెరిచారు.

“సార్, ఈ లెక్క బోర్డు మీద చెయ్యరా?”

“చెయ్యి లేదు బిడ్డా.”

“నోటితోనన్న చెప్పుండ్రి.”

“గొంతు ఇంటికాడ ఉండిపోయింది. పొద్దున హాజరు పడ్డది కదా, సాయంత్రం ఇంకోటి పడ్డదంటే ఈ రోజు పాఠం అయిపోయినట్టే.”

ఇంట్లో మిగిలిన సారు మాత్రం ఖాళీగా లేరు. ఆయన భార్య నిజాంపేట రోడ్డులోనే ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. “ఏమండీ, ఎలాగూ ముఖం లేకుండా కూర్చున్నారుగా, నా బదులు రెండు సెక్షన్లు చూసి రండి,” అంది. అక్కడ ముఖంతో పనిలేదు మరి.

ఆ రోడ్డు పొడవునా ముఖాలకు కొదవలేదు. హోర్డింగుల మీద, గోడల మీద, కాలేజీ బస్సుల వెనక అద్దాల మీద పదిహేడేళ్ల పిల్లల ముఖాలు, కింద ర్యాంకులు. ఆ ర్యాంకు తెప్పించిన లెక్చరర్ ముఖం వాటి మధ్య తపాలా బిళ్లంతైనా ఎవరైనా చూశారా? కాలేజీకి కావలసింది గొంతు. తెల్లవారకముందే మొదలయ్యే స్టడీ అవర్ నుంచి రాత్రి డౌట్స్ సెషన్ దాకా ఆగకుండా మోగే గొంతు. సారు మొండెం వెళ్లి క్లాసులో నిలబడితే ఏజీఎం ఎగాదిగా చూసి మురిసిపోయాడు. గొంతుంది, నోరు లేదు. ఇన్నాళ్లూ యాజమాన్యం వెతుకుతున్నది సరిగ్గా ఇలాంటి మనిషి కోసమే. జీతం ఎప్పుడేస్తారని అడగడు. ఆదివారం వీకెండ్ టెస్టు పెడితే అదేమని అనడు. సెక్షన్ యావరేజీ పడిపోయిందని రివ్యూ మీటింగులో అందరి ముందూ నిలబెట్టి తిడితే ముఖం మాడ్చుకోవడానికి ముఖమే లేదు. పైగా కాళ్లు సలక్షణంగా ఉన్నాయి. సంక్రాంతి దాటగానే అడ్మిషన్ల టార్గెటిచ్చి టెన్త్ పిల్లల ఇళ్ల చుట్టూ తిప్పొచ్చు.

ఎదురు ఫ్లాట్లో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఇది విని కుళ్లుకున్నాడు. వాళ్ల మీటింగుల్లో కెమెరాలు ఆఫ్, ముఖం పడుకునే ఉంటుంది, వేళ్లు మాత్రమే పనిచేస్తాయి. అయినా రెండు ఉద్యోగాలంటే భయం. పోటీ కంపెనీలకు కూడా పనిచేస్తున్నారని 2022లో విప్రో 300 మందిని ఇంటికి పంపింది. సారు మీద అలాంటి కేసు నిలబడదు. ఒక ఉద్యోగం ముఖానిది, ఇంకోటి మొండేనిది, ఇద్దరూ వేర్వేరు. కుర్రాడు అప్పటికప్పుడు స్టార్టప్ ఆలోచన చేశాడు. కర్రీ పాయింట్ పక్కన చిన్న షట్టర్ తీసుకుని, పొద్దున పంతుళ్ల ముఖాలు కలెక్ట్ చేసి బళ్లకు డెలివరీ, సాయంత్రం రిటర్న్. వానాకాలం సర్జ్ ఛార్జీ.

శుక్రవారానికి చిక్కొచ్చిపడింది. ముఖం సరిపోలలేదు అంది యాప్.

వెలుతురు మార్చి చూశారు. కళ్లద్దాలు తీసి చూశారు. కొంచెం నవ్వండి సార్ అన్నాడు కంప్యూటర్ తెలిసిన కుర్ర టీచరు. ముఖం నవ్వబోయింది, కుదర్లేదు. అమెరికాలో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లో ఎయిర్‌హోస్టెస్‌ల మీద పుస్తకం రాస్తూ, జీతం కోసం నవ్వే నవ్వు కూడా చాకిరీయేనని, దానికీ అలుపుంటుందని తేల్చింది. మన యాప్ తయారుచేసినవాళ్లు ఆ పుస్తకం చూసి ఉండరు.

యాప్‌ని తిట్టి లాభం లేదు. అది చెప్పింది నిజమే. నమోదు చేయించుకున్న రోజు ముఖం వేరు, ఈ ముఖం వేరు.

ఎందుకు వేరో చెప్పే శాస్త్రం ఉంది. క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ అనే ఇద్దరు 1981లోనే బర్నౌట్‌ని, అంటే పనిలో మనిషి అరిగిపోవడాన్ని, కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని రోగమనకుండా, పనిచేసే చోటు నుంచి పుట్టుకొచ్చే పరిస్థితిగా తన వర్గీకరణలో రాసుకుంది. అంటే లోపం మనిషిలో వెతక్కండి, పనిలో వెతకండని. మొదట ఒంట్లో సత్తువ పోతుంది. చివరికి నేను చేసేదానికి విలువేముందన్న నిస్పృహ వస్తుంది. ఈ రెంటికీ మధ్య ఉన్నది అన్నిటికంటే ప్రమాదం: ఎదురుగా ఉన్న మనిషి మనిషిలా కనపడడు. క్లాసులో అరవై మంది కూర్చుంటే అరవై రోల్ నంబర్లు కనపడతాయి. మూడో బెంచీలో ఒక అమ్మాయి వారం నుంచి అన్నం తినడం లేదని, చివరి బెంచీ కుర్రాడు హాస్టల్లో ఏడుస్తున్నాడని ఆ టీచరుకు తెలియదు. తెలిసే స్థితిలో లేడు. పంతులు ముఖాన్ని క్షణంలో గుర్తుపట్టే యంత్రం కొన్నారు సరే, పిల్లల ముఖాలు గుర్తుపట్టే శక్తిని పంతులులో చంపేస్తున్నది ఎవరు?

బడికి ఎగనామం పెట్టే పంతుళ్లు లేరని ఎవరూ అనడం లేదు. ఉన్నారు. వాళ్లెవరో ఊరికి తెలుసు, ఎంఈవోకి తెలుసు, వాళ్లని కాపాడే నాయకుడికి ఇంకా బాగా తెలుసు. వాళ్లను పట్టుకోవడానికి కెమెరా అక్కర్లేదు, వెన్నెముక ఉన్న అధికారి ఒకడు చాలు. ఆ ఒక్కడు దొరక్క అందరి ముఖానా అనుమానం కొట్టారు. పోనీ, హాజరు వేసిన టీచర్‌ని సాయంత్రం దాకా క్లాసులోనే ఉంచుతామని, సర్వేలకూ పోర్టళ్లకూ ఈడ్చబోమని అదే ఉత్తర్వులో ఒక వాక్యం రాయడానికి చేతులెందుకు రాలేదు? సర్వేలో పోయిన ఆ మూడు వారాల పూటల పాఠాలకు హాజరు ఎవరు వేస్తారు?

ప్రైవేటు టీచరు ముఖం ఈ ప్రభుత్వాలకు ఒక్కసారే కనిపించింది, కరోనాలో. 2020లో బడులు మూతపడితే ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూలు ప్రిన్సిపాల్ తోపుడుబండి మీద టిఫిన్లు అమ్ముకున్నాడు. పత్రికల్లో ఫొటోలొచ్చాయి. ఏడాది గడిచాక, 2021 ఏప్రిల్‌లో, నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామన్నారు. ఆధార్, బ్యాంకు ఖాతా అడిగి మరీ రాసుకున్నారు. బడులు తెరిచాక ఆ జాబితా ఏమైంది? వాళ్లకు పన్నెండు నెలల జీతం అందుతోందో, పదితో సరిపెడుతున్నారో ఎవరైనా మళ్లీ అడిగారా?

1994 జనవరి 1న ఉమ్మడి రాష్ట్రంలో జీవో నంబర్ 1 వచ్చింది. ప్రైవేటు బడి వసూలు చేసే ఫీజులో సగం సిబ్బంది జీతాలకే పోవాలి. మరో 15 శాతం వాళ్ల పీఎఫ్‌కు, గ్రాట్యుటీకి, బీమాకు. యాజమాన్యం ఆదాయం కింద తీసుకోగలిగింది 5 శాతం. ఫీజు రసీదులు, జీతాల రిజిస్టరు పక్కపక్కన పెట్టి కూడికలు తీసివేతలు చేస్తే తేలిపోయే లెక్క ఇది. దీనికి కృత్రిమ మేధ అవసరం లేదు. ఒక గుమాస్తా, ఒక పెన్సిలు చాలు. ముప్పై ఏళ్లకు పైగా ఆ గుమాస్తాను పంపలేని శాఖ, పంతులు పావుగంట ఆలస్యంగా వచ్చాడేమోనని కెమెరా పెట్టుకుని కూర్చుంది. ముందు ఆ కెమెరా పట్టుకుని నిజాంపేట రోడ్డులో ఏదో ఒక బడిలోకి వెళ్లి, జీతాల రిజిస్టరు తెరిపించండి. ఎవరి ముఖం పాలిపోతుందో చూద్దాం.