విందుకు పిలిచి గరిటె ఇచ్చారు

ప్రతి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు గుమ్మానికీ ఒక శుభలేఖ వేలాడుతుంటుంది: "మా డాక్యుమెంటేషన్ అందరిదీ. మీరూ ఓ చెయ్యి వేయండి." సపరివారంగా రమ్మన్నారు కదా అని వెళ్తామా, పొయ్యి వెలిగించి ఉండదు. బియ్యం ఎక్కడున్నాయో చెప్పే నాథుడు ఉండడు. గరిటె మాత్రం చేతిలో పెడతారు.

ఆమధ్య ఒక సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తూ సగంలో ఇరుక్కుపోయాను. అడిగితే "డాక్స్ చూడండి" అన్నారు. చూశాను. "ఈ పేజీ ఇంకా రాయలేదు. తెలిసినవారు రాయగలరు" అని ఉంది. తెలిస్తే నేనెందుకు వస్తాను నాయనా! ఆ పేజీకి వచ్చేదే తెలియనివాడు. తెలిసినవాడికి దాంతో పనిలేదు.

కోడ్ పంచుకునే వేదిక గిట్‌హబ్ 2017లో జరిపిన సర్వేలో 93 శాతం మంది, డాక్యుమెంటేషన్ అరకొరగానో పాతబడిపోయో ఉంటోందన్నారు. ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లలోనే 60 శాతం మంది తాము దాని జోలికి ఎప్పుడో గానీ పోమనో, అసలు పోమనో ఒప్పుకున్నారు. బావిలో పూడిక ఊరందరికీ కనిపిస్తోంది. దిగేవాడే లేడు.

సరే, దిగినవాడికి చొక్కా ఇద్దామన్నారు. 2014లో డిజిటల్ ఓషన్ కంపెనీ మొదలుపెట్టిన హాక్టోబర్‌ఫెస్ట్ అదే. 2020 నాటికి లెక్క ఇదీ: అక్టోబరులో నాలుగు పుల్ రిక్వెస్టులు, అంటే నాలుగు సవరణలు పంపితే టీషర్టు. అదెంత తేలికో మన దేశపు వీడియో పాఠం ఒకటి చేసి చూపించింది. ఇంకేముంది, ముక్కూ మొహం తెలియని ప్రాజెక్టుల రీడ్‌మీ అనే పరిచయ ఫైళ్ల నెత్తిన "అద్భుతమైన ప్రాజెక్టు" అన్న కితాబులు వచ్చి పడ్డాయి. సాయం కోసం ఏళ్లుగా ఎదురుచూసిన నిర్వాహకులు ఆ పొగడ్తలను ఒక్కొక్కటే మూసేస్తూ కూర్చున్నారు. ఇష్టపడి చేరిన ప్రాజెక్టులే లెక్కలోకి వస్తాయని కొద్దిరోజుల్లోనే నిబంధన మార్చారు. 2023లో టీషర్టే ఎత్తేశారు.

చొక్కా లేకపోయినా సరదా తీరలేదు. 2024లో ఇంకో వీడియో పాఠం పుణ్యమా అని ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టు రీడ్‌మీలో తమ పేర్లు చేర్చమంటూ కుర్రాళ్లు బారులు తీరారు. గోల్కొండ గోడల మీద పేర్లు గీకిన జాతి మనది, ఈసారి గోడ మారిందంతే. పిల్లల్నీ పూర్తిగా తప్పుపట్టలేను. రెజ్యూమేలో "ఓపెన్ సోర్స్ కంట్రిబ్యూటర్" అన్న ముక్క ఉంటే ఉద్యోగం వస్తుందని నూరిపోసింది పెద్దలే కదా.

మరి బుద్ధిగా సాయం చేసినవాడి గతి? నన్ను ఇరికించిన ఆ సాఫ్ట్‌వేర్ డాక్స్‌లోనే ఒక కమాండ్ తప్పుగా ఉందని ఎనిమిది నెలల క్రితం దిద్ది పంపాను. మనుషులెవరూ పలకలేదు. చివరికి ఒక బాట్ వచ్చి, "కదలిక లేదు కనుక మూసేస్తున్నాం" అంది. కదలాల్సింది ఎవరో దానికి చెప్పినవాళ్లు లేరు పాపం.

అయ్యా నిర్వాహకులారా, కోడ్ రాసింది మీరు. అదెలా నడుస్తుందో మొదటి పేజీ కూడా మీరే రాయండి. అచ్చుతప్పులు మేం చూసుకుంటాం. ఆ తప్పు కమాండ్ ఇంకా అక్కడే ఉంది, ఓసారి చూడండి.