అరుగు మీది ఆటవెలది: టీకా తాత్పర్య సహితం

మూలం:
గవ్వ లేయవచ్చు గట్టుపై గూర్చుండి
కత్తి పట్టరాదు కథల లోన
ఏమి చేతువంచు నెదురుగా నడుగుము
చెప్పవద్దు నీవె చివరి మాట

అవతారిక: అనంతగిరిలో వేసవి సెలవులకు పిల్లలచేత కథాట ఆడించబూనిన పెద్దకు ఇది ఉపదేశము. అనంతగిరి యనగా కోదాడ పక్కది. వికారాబాదు కొండలది కాదు, అరకు దారిలోనిదీ కాదు.

ప్రతిపదార్థం: గట్టుపైన్ = అరుగుమీద (కాల్వగట్టు కాదు, పిల్లలున్నారు); ఏమి చేతువంచున్ = ‘ఇప్పుడేం చేస్తవ్?’ అనుచు; చెప్పవద్దు = నోరు మూసుకొని వినవలెను. తక్కినవి స్పష్టము.

టీక: పెద్ద మొదట చిక్కు చెప్పవలెను: సాగర్ ఎడమకాల్వ నీళ్లు చివరి మడికెక్కలేదు, నారు ఎండుచున్నది. ఒకడు రైతు, ఒకతె లస్కరు (కాల్వ నీళ్లు చూచునది), ఒకడు గేదె; అందరికన్న చిన్నది తూములో కప్ప (వద్దన్నను వినలేదు). వంతు వచ్చినవారు చేయబోవు పని చెప్పి నాలుగు గవ్వలు వేయుదురు. చమ్మగాని (నాలుగూ వెల్లకిల) అష్టగాని (నాలుగూ బోర్ల) పడినచో పని నెగ్గును. ఒకటో రెండో మూడో పడినచో పని సాగునుగాని కొత్త చిక్కు పుట్టును. లస్కరు తూమెత్తెను, పడినది రెండు, గుర్రపుడెక్క వచ్చి అడ్డుపడెను. ‘ఇప్పుడేం చేస్తవ్?’ ‘నేను తింట’ అనెను గేదె.

పూర్వపక్షము: కత్తి లేనిచో రక్తి ఎక్కడిది? అమెరికాలో 1974లో వెలువడిన కథాట ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ రాక్షసులతో యుద్ధము మీదనే నడుచును గదా?

సమాధానము: ఏడుచేపల కథలో ఎండని చేప మొదలు చీమదాక అందరినీ ‘ఎందుకు’ అని అడుగుటయే గాని కొట్టుట లేదు. చీమ కుట్టెను గదా యనిన, అది ఆత్మరక్షణము. పులిమేకలో మేకలు పదిహేనుండియు మూడు పులులలో ఒక్కదానినైనను చంపవు. కదలనీయక కట్టి గెలుచును. కావున మేకల పక్షము మనకు ప్రమాణము. పులి పక్షము ఈ అరుగెక్కరాదు.

తాత్పర్యం: చిక్కు పెద్దది, దారి పిల్లలది. కత్తితోబాటు కష్టము కూడ తీసివేసినచో పిల్లలు లేచిపోయి ఫోను పట్టుదురు.

విశేషం: నాలుగవ పాదము పంతుళ్లకు మిక్కిలి కఠినము. కథ తుదిని నీతి చెప్పబోయిన పెద్ద మరుసటి ఆటలో గేదె వేషము కట్టవలెను.

ఫలశ్రుతి: ఇది చదివినందుకు పుణ్యము రాదు. ఈ సెలవులలో నాలుగు గవ్వలు పట్టుకొని పిల్లల ఎదుట కూర్చుండుడు, అప్పుడు చూతము.