పంతొమ్మిదో గీత

నేను సాలీ హిమోగ్లోబిన్ మీటరుని. స్విట్జర్లాండులోని బెర్న్ డాక్టరు హెర్మన్ సాలీ నా వంశానికి మూలపురుషుడు. నా కాపురం మాత్రం జలదంకిలో, ఒక రక్తపరీక్షల గది కిటికీ పక్కన. కౌంటర్ యంత్రాలు వచ్చాక నాలాంటివి చాలావరకు అటకెక్కాయి. కరెంటు పోయినా పనిచేస్తానని మా టెక్నీషియన్ నన్ను పారేయలేదు.

నా సన్నటి గొట్టంలో అడుగు గీత దాకా పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తాడు. వేలు గుచ్చి, 20 ఘనపు మిల్లీమీటర్ల నెత్తురు పీల్చి అందులోకి వదులుతాడు. పది నిమిషాల్లో ఎరుపు పోయి చిక్కటి డికాక్షన్ రంగు వస్తుంది. ఇక డిస్టిల్డ్ వాటరు చుక్క చుక్కా వేస్తూ, గాజుపుల్లతో కలుపుతూ, నా రెండు పక్కలా ఉన్న గోధుమరంగు గాజుతో సరిపోయేదాకా చూడాలి. రంగు కలిసినప్పుడు నీళ్లు ఏ గీత మీద ఉంటే అన్ని గ్రాములు. కంటి లెక్క గనక కొంచెం అటూ ఇటూ అవుతుంది.

ఇక్కడికొచ్చేది ఎక్కువగా గర్భిణులు. ఏడు, ఎనిమిది, మహా అయితే తొమ్మిది. కాసిని చుక్కలకే రంగు వెలిసిపోతుంది. అందుకే ఈ చుట్టుపక్కల నా అంకె పెరిగితే అందరికీ సంబరం. ఎక్కువైతే జబ్బన్న మాట ఎవరికీ తట్టదు. కలిగిరి వేలానికి పొగాకు తోలే పెద్దాయనకు పదిహేడు దాటింది. నోట్లోంచి చుట్ట తీయడు మరి! పొగలోని కార్బన్ మోనాక్సైడు ఆక్సిజన్ చోటు ఆక్రమిస్తే, ఒళ్లు ఇంకాసిని ఎర్రకణాలు తయారుచేసుకుంటుంది. రోహిణి కార్తెలో నీళ్లు తాగకుండా వచ్చినా అంకె ఎగబాకుతుంది. ఇవి నేనెరిగినవే. ఆ కుర్రాడిది మాత్రం కొత్త.

బెంగళూరులో ఉద్యోగం, సంక్రాంతికి వచ్చాడు. చొక్కా కుట్లు తెగేలా కండలు, ఎర్రబడ్డ ముఖం, తగ్గని తలనొప్పి. "రక్తం తక్కువేమో చూడు మామా" అన్నాడు. చుక్క మీద చుక్క వేస్తున్నా రంగు దిగదే! పద్నాలుగు దాటింది, పదహారు దాటింది, చివరికి పంతొమ్మిదో గీత దగ్గర ఒప్పుకుంది. వాళ్లమ్మ ముఖం వెలిగిపోయింది. మావాడు మాత్రం ఇంకో వేలు గుచ్చాడు. మళ్లీ అదే గీత.

"ఏం వాడుతున్నావు అల్లుడూ?"

తల్లిని మంచినీళ్లకు పంపాక నోరు విప్పాడు. జిమ్ములో తోటివాడు ఇప్పించిన టెస్టోస్టెరాన్ సూది, వారం వారం.

తర్వాత నెల్లూరు డాక్టరు రాసిచ్చిన కాగితాలు నా పక్కనే పరిచి మావాడు విడమరిచాడు. ఈ హార్మోను కాలేయంలో తయారయ్యే హెప్సిడిన్‌ను అణచిపెడుతుంది. దాంతో ఇనుము ధారాళంగా అంది, ఎముక మూలుగ ఎర్రకణాలను ఎడాపెడా పుట్టిస్తుంది. నెత్తురు చిక్కబడితే గడ్డ కట్టే భయం. హార్మోను లోటుండి డాక్టరు చెప్పగా వాడేవాళ్లకైనా సరే, హిమటోక్రిట్, అంటే నెత్తురులో ఎర్రకణాల వంతు, 54 శాతం దాటితే సూది ఆపేయాల్సిందే. వీడికి 57. మూలుగ జబ్బేమోనని చేయించిన జాక్2 పరీక్షలో ఏమీ రాలేదు.

అంతకంటే వాణ్ణి కుంగదీసిన ముక్క ఇంకొకటుంది. బయటినుంచి హార్మోను వస్తుంటే మెదడు కిందున్న పిట్యూటరీ వృషణాలకు పని చెప్పడం మానేస్తుంది, వీర్యకణాలు అడుగంటుతాయి. మగతనం పేరు చెప్పి అమ్మే మందు చేసే నిర్వాకం ఇది! మాన్పించినా అవి తేరుకోవడానికి నెలలు పడుతుంది. ఉగాది తర్వాత పెళ్లి పెట్టుకున్నారు పాపం.

సూది ఆపించి, డాక్టరు ఒక సంచి నెత్తురు తీయించాడు. వాళ్లమ్మ దానికే గగ్గోలు పెట్టింది. "ఒంట్లో ఉన్న రక్తం తీసేయడమేందన్నా? అందరూ ఎక్కించుకుంటుంటే!"

"ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు చెల్లెమ్మా. ఎక్కువగా పుట్టినవి పోయేదాకా కనిపెట్టుకుని ఉండాలి."

"అయితే నెలనెలా నీ దగ్గరికే తీసుకొస్తాలే."

"నా దగ్గరికొద్దు, కావలి తీసుకుపో. ఈ గొట్టం హిమటోక్రిట్ చెప్పదు" అన్నాడు మావాడు, నన్ను కడుగుతూనే.