పరుగుకు ఒకపూట, నడకకు ఏపూట?

ఆగస్టులో ఒక ఆదివారం మారథాన్ కోసం హైదరాబాద్ కోడి కంటే ముందే లేస్తుంది. ఎదురు వీధిలో పాల ప్యాకెట్‌కు కూడా బండి తీసే మహానుభావులు, బూట్లు బిగించి నెక్లెస్ రోడ్డుకు చేరతారు. అక్కడికీ కార్లోనే! ఫుల్ మారథాన్ వీరులకు గమ్యం గచ్చిబౌలి స్టేడియం. మధ్యలో ఎత్తుపల్లాలు, ఫ్లైఓవర్లు కలిపి 42.195 కిలోమీటర్లు.

ఆ చిల్లర లెక్క ఎక్కడిదంటారా? 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు రాజకుటుంబం కూర్చున్న గ్యాలరీ ముందు ముగియాలని కొలిచిన దూరం అది. 1921లో లోకమంతటికీ అదే ఖాయమైంది. వీఐపీల కోసం రూటు మార్చడం మన పోలీసులే కనిపెట్టారనుకుంటే పొరపాటే.

అందరూ అంత దూరం పరిగెత్తరు లెండి. అయిదు కిలోమీటర్ల వారూ ఉంటారు. వారి ఆరోగ్య రహస్యం: కిలోమీటరుకో సెల్ఫీ, పతకానికో స్టేటస్, ఆనక కరిగిన కొవ్వుకు పరిహారంగా నెయ్యి కారం దోశ.

ఆ పూట పోలీసులు బండ్లు ఆపి మరీ కాళ్లకు దారి ఇస్తారు. సంతోషం! మర్నాడు మాత్రం ఫుట్‌పాత్ మీద మిర్చి బండి, ట్రాన్స్‌ఫార్మర్, అడ్డంగా పెట్టిన బైకులు, నోరు తెరిచిన మ్యాన్‌హోల్ దాటుకుంటూ ఓ పెద్దాయన బస్టాపు చేరాలి. ఎంట్రీ ఫీజు లేదు, టీషర్టు లేదు, మంచినీళ్లిచ్చే వాలంటీరూ లేడు. ప్రాణాలతో చేరడమే పతకం!