కార్బను కాయితం

మా రోజుల్లో అని నేను నోరు తెరిస్తే చాలు, మా అల్లుడు "ఊ, చెప్పు మామా, రెమింగ్టను కథేనా?" అంటాడు. ఆ కథే. ఇంకో కథ నాకు రాదు.

బనగానపల్లె సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర నేను టైపు మిషను పెట్టుకుని కూర్చున్నది 1979లో. సెకండ్ హ్యాండు మిషను. డబ్బులు కట్టి ఇంటికి తెచ్చుకున్నాక కంపెనీకీ నాకూ రుణం తీరిపోయింది. నేను ఎవరికి కొడుతున్నానో, ఎన్ని కాయితాలు కొట్టినానో, రెమింగ్టను వాడు ఏనాడూ వచ్చి అడగలేదు. రిబ్బను అయిపోతే నంద్యాలకు పోయి తెచ్చుకునేవాణ్ని. అక్షరం విరిగితే అతికించే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఆయన చూసేది మిషను కడుపులోకే గానీ, పక్కన పెట్టిన కాయితాల్లోకి కాదు.

అప్పట్లో గుట్టు బయటపడే దారి ఒకటే ఉండేది, కార్బను కాయితం. కొత్త కార్బను మొదటిసారి వాడితే కొట్టిన అక్షరమల్లా దాని మీద అచ్చు దిగిపోతుంది. వెలుతురుకు పట్టుకుంటే చదువుకోవచ్చు. ఒకసారి పక్కపల్లె పెద్దాయన వీలునామా కొట్టించుకోవడానికి వచ్చినాడు. ఇద్దరు పెండ్లాల సంసారం, ఎవరికి ఏ చేను అన్నది ఊరంతా కాచుక్కూర్చున్న సంగతి. పని అయినాక అసలూ నకలూ మడిచి లోపలి జేబులో పెట్టుకుని, "ఆ నల్ల కాయితం గూడ ఇయ్యప్పా" అన్నాడు. ఇంకా నాలుగుసార్లు వాడుకోవచ్చు, దానికి వేరే డబ్బులు కట్టాలన్నాను. కట్టినాడు. బీడీ ముట్టించిన అగ్గిపుల్లతోనే నా ఎదురుగా దాన్ని కాల్చి, మసి అయిన చేతులతో దండం పెట్టి పోయినాడు. వీలునామా మీద ఆయన వేసింది వేలిముద్ర. చదువు రాని మనిషికి, తన మాట ఇంకా ఎక్కడ మిగిలిందో తెలుసు.

1998లో మిషను మూలకు పోయి కంప్యూటరు వచ్చింది. ఇక్కడ నా తప్పు నేను ఒప్పుకోవాల. సికిందరాబాదులో చినాయ్ ట్రేడ్ సెంటరుకు పోయి సీడీలు కొనుక్కొచ్చినాం. ఒకే సీడీలో పాతిక సాఫ్ట్‌వేర్లు, పైన స్కెచ్ పెన్నుతో రాసిన పేరు. జిల్లా అంతటా డీటీపీ షాపులు ఆ సీడీలతోనే నడిచినాయి. కాపీ సాఫ్ట్‌వేరని తెలిసి వాడితే కాపీరైటు చట్టం 63బి కింద తక్కువలో తక్కువ 7 రోజులు, ఎక్కువలో ఎక్కువ 3 ఏండ్లు జైలు, పైన 50 వేల నుంచి 2 లక్షల వరకు జుల్మానా. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్లం కాదేమో. ఒకరి కష్టం ఊరికే వాడుకున్నాం, అది దొంగతనమే. కాబట్టి కంపెనీలు తాళం వేసుకోవడం తప్పని నేను అనను.

నా కొట్లాట తాళంతో కాదు, తాళం చూసే నెపంతో ఇంట్లోకి తొంగిచూడటంతో.

2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పటి నుంచి, కొన్నాక కూడా కంపెనీకి చెప్పుకుని తాళం తీయించుకోవడం మొదలైంది. 2006లో అయితే, అసలు కాపీయా నకిలీ కాపీయా అని చూసే మైక్రోసాఫ్టు వాళ్ల చిన్న ప్రోగ్రాము దినామూ సొంత కంపెనీకి కబురు పంపుతోందని బయటపడింది. గోల పుట్టినాక దినామూ కాదులే, రెండు వారాలకోసారి అన్నారు. 2007 ఆగస్టులో వాళ్ల సర్వరే తప్పు చేసి, డబ్బులు పెట్టి కొన్నవాళ్ల మీద కూడా దొంగ ముద్ర వేసింది. ఇప్పుడు ఆ కంపెనీ పెద్ద సత్య నాదెళ్ల. ఆయన వాళ్ల నాయనది మన అనంతపురం జిల్లా బుక్కాపురం. మనోడే అని చెప్పుకోవడానికి బాగుంది గానీ, లైసెన్సు దగ్గర మనోడూ తనోడూ ఏముండదు.

మా ఊరికి తనిఖీలు కొత్త కాదు. 1905లో లెక్కలు బాగాలేవని మద్రాసు ప్రభుత్వం బనగానపల్లె నవాబుగారి సంస్థానం పెత్తనాన్నే కొన్ని నెలలు చేతిలోకి తీసుకుంది. అయినా ఆ తనిఖీకి వచ్చినవాడు ఏ గుర్రబ్బండో ఎక్కి, పగటిపూట, ఊరందరి ముందర వచ్చింటాడు. నవాబుగారి దివాణంలోకి గోడ దూకి వచ్చుండడు.

మొన్న మాఘమాసం పెండ్లిళ్లలో జరిగింది చెప్తాను. ఇప్పుడు షాపు మా అల్లుడిది. అన్నీ డబ్బులు కట్టి కొన్న సాఫ్ట్‌వేర్లే, ఏడాదికోసారి కట్టేవి. కరెంటు ఎక్కువతక్కువై మదర్‌బోర్డు కాలిపోతే కొత్తది వేయించినాడు. మరునాడు పెండ్లిపత్రికల సాఫ్ట్‌వేరు తెరవబోతే, మీ లైసెన్సు ఇంకో మిషనులో వాడుతున్నారని ఎర్ర అక్షరాలు. లోపల సంగతేమంటే, ఆ సాఫ్ట్‌వేరు మనిషిని గుర్తుపెట్టుకోదు. బోర్డు నెంబరు, హార్డ్‌డిస్కు నెంబరు, నెట్‌వర్కు కార్డు నెంబరు కలిపి మిషనుకు ఒక వేలిముద్ర తయారుచేసుకుంటుంది. బోర్డు మారితే వేలిముద్ర మారినట్టే. సొంతదారుడు కూడా దొంగే.

ఫోన్ చేస్తే అవతల అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "సర్, చిన్న యాప్ వేసుకోండి, నేనే మీ స్క్రీన్ చూసి సరిచేస్తాను" అనింది. వేసుకున్నాడు. అంతే, మౌసు మీద ఎవరి చెయ్యీ లేకుండానే బాణం గుర్తు కదలడం మొదలుపెట్టింది. నాకు ఒళ్లు జలదరించింది. డెస్క్‌టాపు మీద ఏమున్నాయనుకున్నారు? నాపరాళ్ల ఫ్యాక్టరీ కూలీల ఆధార్లు, బ్యాంకు పాసుబుక్కులు, ఒక ఇంటి భాగపరిష్కారం చిత్తు, 'వీలునామా ఫైనల్ 2' అనే ఫైలు. బాణం దాని మీద నుంచే పోతా ఉంది. నేను లేచి భుజం మీది టవలు తీసి స్క్రీను మీద కప్పేసినా.

"మామా, టవలు కప్పితే మనకు కనపడదు. ఆ యమ్మికి కనపడతానే ఉంటాది" అన్నాడు మావాడు.

షాపులో ఉన్న నలుగురూ నవ్వినారు. నేనూ నవ్వినా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఆ అమ్మాయి చెడ్డది కాదు, ఫైలేమీ తెరవలేదు. నా బాధ వేరే. 'ఒప్పుకుంటున్నాను' అనే గుండీ నొక్కింది మా అల్లుడు. ఆ ఒప్పందం చదవాలంటే ఒక పూట పడుతుంది, అదీ ఇంగ్లీషులో. వాడు ఒప్పుకున్నాడు సరే, వీలునామా ఆయన ఒప్పుకున్నాడా? ఫ్యాక్టరీ కూలీలు ఒప్పుకున్నారా? లైసెన్సు మా మిషనుది, అందులో ఉన్న బతుకులు వాళ్లవి. 2019లో ఆంధ్ర, తెలంగాణాలకు చెందిన 7.82 కోట్ల మంది ఆధార్ వివరాలు హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీ దగ్గర ఉన్నాయని ఆధార్ సంస్థే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. అన్ని కోట్ల మందిలో ఒక్కరన్నా నా కాయితం యాడికి పోయిందని అడిగినారా? అడగడానికి నల్ల కాయితం ఎక్కడుందో తెలిస్తే కదా.

మా ఊళ్లో వీరబ్రహ్మంగారు గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఆవులు కాసినారు. రవ్వలకొండలో కాలజ్ఞానం రాసుకునేటప్పుడు ఆవుల చుట్టూ కట్టెతో గిరి గీసి పోయేవాడనీ, అవి ఆ గీత దాటేవి కావనీ చెప్తారు. లైసెన్సంటే నా దృష్టిలో ఆ గీత. దాటవద్దు అంటే దాటం. ఏ ఆవు ఎంత గడ్డి తినిందో, దేనికి ఎన్నో నెలో ఆ గీత పోయి ఎవరికీ చెప్పలేదు. ఇంక ఆయన రాసుకున్న తాళపత్రాలంటారా, గుంతలో పెట్టి పైన చింతచెట్టు నాటినాడంటారు. చింతమాను మఠం ఇప్పటికీ ఉంది, పోయి చూడండి.

చట్టం లేదని కాదు. గోప్యత ప్రాథమిక హక్కే అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు చెప్పినారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలొచ్చినాయి. ముఖ్యమైనవన్నీ అమలుకు రావడానికి 18 నెలలు గడువిచ్చినారు. అందులో నాకు నచ్చినది ఒకటుంది. అది అమలుకొచ్చినాక, ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో తెలుగులో చెప్పమని అడిగే హక్కు మనకుంటుంది.

ఇదంతా మా అల్లుడి ముందు ఏకరువు పెడితే, వాడు ఫోను నా చేతిలో పెట్టినాడు. "కంపెనీ వాళ్లను అంటాండావు సరే, దీన్ని చూడు మామా" అన్నాడు. షాపు వాట్సాపు. జిరాక్సు కోసం జనం పంపిన ఆధార్లు, పాను కార్డులు, పట్టాదారు పాసుబుక్కులు, నాలుగేండ్లవి. ఒక్కటీ తుడిచింది లేదు. నేను ఎంత పైకి జరిపినా అయిపోలేదు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని తుడిచినాం. ఇంకా సగం ఉన్నాయి.

మీరు మా షాపుకొచ్చినా, ఇంకో షాపుకు పోయినా, ప్రింటు చేతికి రాగానే కదలకండి. "నాది తుడిచెయ్ సామీ" అని చెప్పి, తుడిచేదాకా అక్కడే నిలబడండి. మావాడు విసుక్కుంటే నా పేరు చెప్పండి.