క్యాంపస్‌లో కాల్పుల విరమణ

కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ సంస్థ తనిఖీ బృందం, అంటే పీర్ టీమ్, క్యాంపస్‌లో ఉన్నంతసేపూ స్టాఫ్‌లో ఎవరూ ఎవరితోనూ విభేదించరాదట. ఏమడిగినా నవ్వుతూ, ‘ప్రొఫెషనల్‌గా’ జవాబు చెప్పాలట. ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఈ వారం తిరిగిన ఫర్మానా ఇది.

కాల్పుల విరమణ ప్రకటించారన్నమాట. టీమ్ కారు గేటు దాటగానే అమల్లోకొస్తుంది, ఎగ్జిట్ మీటింగులో శాలువాలు కప్పగానే ముగుస్తుంది. సరిహద్దు ప్రిన్సిపాల్ గది గుమ్మం. అటువైపు జీడిపప్పు పళ్లేలు, ఇటువైపు నాలుగు నెలలుగా జీతాల్లేని లెక్చరర్లు. బకాయి అనే మందుగుండును జేబులోంచి తీయడం నిషేధం. నోరు ఊరుకోని అసిస్టెంట్ ప్రొఫెసర్లిద్దరికి ముందురోజే ఎఫ్‌డీపీ (అధ్యాపకుల శిక్షణ) పేరుతో దేశబహిష్కారం. ప్రశ్నలడిగే ఫైనలియర్ బ్యాచ్‌కి ఇండస్ట్రియల్ టూర్.

మిత్రదేశాల సైన్యం కూడా దిగుతుంది. పక్క కాలేజీల నుంచి అద్దెకొచ్చిన పీహెచ్‌డీలు. వాళ్లకు హెచ్‌ఓడీ ఎవరో తెలీదు, హెచ్‌ఓడీకి వాళ్ల పేర్లు తెలీవు. అందుకే అందరి మెళ్లోనూ కొత్త ట్యాగులు. తాడు మడతలు ఇంకా విప్పుకోలేదు.

రాయబారులకు మర్యాదల సంగతి పాఠకులకు కొత్తగా చెప్పాలా! 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలో న్యాక్ ఏ++ గ్రేడు కోసం లంచమిచ్చారన్న కేసులో సీబీఐ 37 లక్షల నగదు, ఆరు ల్యాప్‌టాప్‌లు, ఒక ఐఫోన్ పట్టుకున్నామంది. తనిఖీ కమిటీ ఛైర్మనే అరెస్టయ్యారు. నేరం కోర్టులో తేలాలి, అది వేరే మాట.

ఇక యుద్ధఖైదీలు. బీరువాలో ఉన్నారు. లెక్చరర్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు. ఈ విరమణలో ఖైదీల విడుదల లేదు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. న్యాక్ ఏడు ప్రమాణాల్లో ఆరోది పాలన, నాయకత్వం. సిబ్బంది సంక్షేమం చూడాల్సింది అందులోనే. ఖాతాలో జీతం పడినట్టు చూపించి, ఏటీఎం కార్డు తమ దగ్గరే పెట్టుకునే యాజమాన్యాలున్న చోట ఆ మార్కులు ఎవరికి వేస్తున్నారు? పదో తరగతి నుంచి ఎంటెక్ దాకా సంపాదించుకున్న కాగితాలన్నీ తాకట్టులో ఉన్న మనిషికి చిరునవ్వు డ్యూటీ వేస్తారా? దీన్ని వృత్తిధర్మం అంటారా? ఇది వెట్టి.

పీర్ టీమ్ వారికి ఒక మనవి. పవర్‌పాయింట్ తర్వాత చూద్దురుగాని, ముందు ఆ బీరువా తాళం అడగండి. లెక్చరర్లతో మాట్లాడేటప్పుడు ప్రిన్సిపాల్‌ని, కరస్పాండెంట్‌ని బయట కూర్చోమనండి.